తొమ్మిది నెలలుగా మావాడికి కడుపు నొప్పి, మోషన్స్... ఎవరూ ఇదీ అని చెప్పట్లేదు

తెనాలి అమ్మ

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగానే రాస్తాను, ఏమనుకోకండి. ఎవరికి చెప్పినా మధ్యలో ఆపి "గ్యాస్ అయి ఉంటుందిలే" అంటున్నారు, ఒక్కసారి మొత్తం చెప్పుకోవాలనిపించింది.

మావాడికి పదిహేనున్నర. ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, హాస్టల్ కాదు, ఇంటి నుంచే వెళ్ళొస్తాడు. పోయిన సంక్రాంతి అయిపోయిన వారానికి మొదలైంది. అరిసెలు, జంతికలు ఎక్కువ తిన్నాడేమో, రెండు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాం. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి, అన్నం తిన్న అరగంటకి వస్తుంది. రోజుకి మూడు నాలుగు సార్లు వెళ్తాడు. పది రోజులు బాగుంటాడు, అమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ మొదలు.

ముందు మా వీధిలో ఆర్‌ఎంపీ గారికి చూపించాం. ఆయన ఇంజెక్షన్ వేస్తే వారం బ్రహ్మాండంగా ఉంటాడు, తర్వాత మళ్ళీ మామూలే. అలా నాలుగైదు సార్లు వేయించాం. తర్వాత ఒక పెద్ద డాక్టర్ గారు పరగడుపున వేసుకోమని గ్యాస్ బిళ్ళలు రాశారు. మార్చిలో వైడల్ టెస్ట్ చేసి టైఫాయిడ్ అన్నారు, మందులు వాడాం. జూన్‌లో మళ్ళీ టైఫాయిడ్ అన్నారు, మళ్ళీ వాడాం. పొట్ట స్కానింగ్‌లో చిన్న చిన్న గ్రంథులు, పెద్దది 8 మి.మీ. అని రాశారు. మోషన్ టెస్ట్‌లో ఏమీ లేదన్నారు. రక్తం 10.1 ఉంది, ప్లేట్‌లెట్లు 5.3 లక్షలు, దాని పక్కన నక్షత్రం గుర్తు ఉంది. ఎక్కువుంటే మంచిదేగా అనుకున్నాను నేను, డెంగీలో తగ్గితేనే కదా భయపడతాం. ఐరన్ టానిక్ రాశారు. ఆఖరికి చూసిన డాక్టర్ గారు ఫైలు తిప్పి, "ఇంటర్ టెన్షనమ్మా, ఫోన్ తగ్గించండి" అని పంపేశారు.

టెన్షన్ ఉండదని నేననను. కానీ 51 కిలోలు ఉండేవాడు ఇప్పుడు 45. పదో తరగతి మొదట్లో స్కూల్లో కొలిస్తే 162 సెం.మీ., మొన్న గోడకి నిలబెట్టి కొలిస్తే 162న్నర. మా అక్క కొడుకు వీడికంటే రెండు నెలలు చిన్న, వాడు ఇప్పుడు నాన్నని దాటిపోయాడు, మీసం కూడా వచ్చేసింది. వీడు అలాగే ఉన్నాడు.

మొన్న ఆదివారం బట్టలు మడతపెడుతుంటే వాడి బెల్టు చేతికొచ్చింది. ఆఖరి చిల్లు దాటాక ఇంకో రెండు చిల్లులున్నాయి, మేకు కాల్చి పొడిచినట్టు అంచులు నల్లగా ఉన్నాయి. ఎప్పుడు పొడుచుకున్నాడో, నాకు చెప్పనే లేదు. అది పట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయాను.

అడిగితే "బానే ఉన్నా" అంటాడు. బాత్రూమ్‌లోకి వెళ్తే ముప్పావుగంట, బక్కెట్ నిండి పొర్లుతున్నా పంపు కట్టడు. మా అత్తగారు దిష్టి అంటారు, ఇప్పటికి మూడు సార్లు తీశారు. మావారు "ఎదిగే వయసులో సన్నబడతారు, నేనూ అలాగే ఉండేవాణ్ణి" అంటారు. నోట్లో పూత కూడా తరచూ వస్తుంది, దానికి బీ కాంప్లెక్స్ వేస్తున్నాను.

ఇప్పుడు ఎవరికి చూపించాలి? పిల్లల డాక్టరా, గ్యాస్ట్రో డాక్టరా? ఈ వయసులో పెద్దపేగు కెమెరా టెస్ట్ చేస్తారా? లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

హన్మకొండ నాన్న

అమ్మా, మా అబ్బాయికి కూడా పద్నాలుగేళ్ళప్పుడు ఇలాగే, కడుపు ఉబ్బరం, గుడగుడమని చప్పుడు, నీళ్ళ మోషన్స్. ఎనిమిది నెలలు తిరిగాం. చివరికి తేలిందేమిటంటే పాలు. పొద్దున పెద్ద గ్లాసుడు హార్లిక్స్, సాయంత్రం ట్యూషన్ ముందు ఇంకో గ్లాసు, మా ఆవిడ బలం రావాలని దగ్గరుండి తాగించేది. పాలల్లో ఉండే చక్కెరని అరిగించే ఎంజైము మన వైపు చాలామందికి చిన్నతనం దాటాక తగ్గిపోతుందట, అరగని పాలు పెద్దపేగులోకి పోయి అక్కడ పులిసి గ్యాస్, నీళ్ళు. రెండు వారాలు పాలు, టీ, ఐస్‌క్రీమ్, పాలకోవా ఆపేసి పెరుగు మాత్రం ఉంచాం, పెరుగు తోడుకునేటప్పుడే ఆ చక్కెర కొంత ఖర్చయిపోతుంది కాబట్టి పడుతుంది. ఐదో రోజుకే తేడా తెలిసింది.

కానీ ఒకటి చెప్పాలి. మావాడు ఒక్క కిలో కూడా తగ్గలేదు, పైగా పొడుగయ్యాడు. మీరు రాసినదాంట్లో ఆరు కిలోలు తగ్గడం చదివాక ఇది పాల సంగతి ఒక్కటే అనిపించట్లేదు నాకు. పాలు ఆపి చూస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

గుంటూరు పిన్ని

చెల్లెమ్మా కంగారుపడకు. వాము దోరగా వేయించి పొడి చేసి, చిటికెడు సైంధవ లవణం కలిపి మొదటి ముద్దలో పెట్టు. దానిమ్మ తొక్క ఎండబెట్టి కషాయం ఇవ్వు. నులిపురుగులేమో కూడా చూడు, స్కూల్లో ఫిబ్రవరిలో ఇచ్చే బిళ్ళ వేసుకున్నాడా? మా తోడికోడలు కొడుక్కి గోధుమ మానేస్తే తగ్గింది, నువ్వు కూడా చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు అన్నీ మాన్పించెయ్యి, పోయేదేముంది. ఊరికే టెస్టులంటూ పిల్లాణ్ణి హింసపెట్టకు.

పిల్లల డాక్టర్, ఒంగోలు వైపు

తెనాలి అమ్మగారూ, ఇక్కడ కూర్చుని ఫలానా జబ్బు అని నేను చెప్పలేను, చెప్పకూడదు. కానీ మీరు ఎక్కువ ఆలోచించట్లేదు. ఇన్ని నెలలుగా ఒక్కరూ ఆ బరువునీ ఎత్తునీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూసినట్టు లేరు, నాకు బాధ కలిగించింది అదే.

ఈ వయసు మగపిల్లాడు ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లు, కొందరు పది దాకా పెరుగుతారు. పదహారు నెలల్లో అర సెంటీమీటరు, ఆరు కిలోల తగ్గుదల, నోటిపూత, రక్తం 10.1. ఇవన్నీ కలిపి చూస్తే దీన్ని టెన్షన్ అని పక్కన పెట్టడానికి లేదు. టెన్షన్ వల్ల నిజంగానే కడుపు నొప్పి వస్తుంది, మోషన్స్ అవుతాయి, నేను రోజూ చూస్తాను. కానీ టెన్షన్ పిల్లాడి ఎత్తుని ఆపదు. ప్లేట్‌లెట్లు ఎక్కువుండటం మంచిదని మీరు అనుకోవడం సహజమే, చాలామంది అలాగే అనుకుంటారు. ఒంట్లో ఎక్కడో వాపు రగులుతున్నా, ఐరన్ తక్కువైనా అవి పెరుగుతాయి. అందుకే ఆ నక్షత్రం.

టైఫాయిడ్ సంగతి. జ్వరం వచ్చిందా? మీరు ఎక్కడా రాయలేదు. జ్వరం లేకుండా ఒక్క వైడల్ పట్టుకుని టైఫాయిడ్ అనడానికి వీల్లేదు. మన ఊళ్ళలో ఎప్పుడో వచ్చిపోయినదానికీ, టీకాకీ కూడా అది కొద్దిగా పాజిటివ్ చూపిస్తుంది. ఇక స్కానింగ్‌లో 8 మి.మీ. గ్రంథులు ఆరోగ్యంగా ఆడుకునే పిల్లల్లో కూడా కనిపిస్తాయి, దాన్ని చూసి ఎవరైనా టీబీ మందులు మొదలుపెడతామంటే ఎందుకు, ఏ ఆధారంతో అని అడగండి.

నేనైతే అడిగే టెస్టులు ఇవి: సీబీపీ మళ్ళీ, ఒంట్లో వాపు ఉందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ, రక్తంలో ప్రొటీన్ చూసే ఆల్బుమిన్, లివర్, థైరాయిడ్, టీటీజీ అనే రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, మోషన్‌లో కాల్‌ప్రొటెక్టిన్. ఈ చివరిదాని గురించి ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే మామూలు మోషన్ టెస్ట్‌కీ దీనికీ చాలా తేడా. పేగు గోడలో వాపు ఉంటే తెల్లకణాలు అక్కడ చేరతాయి, వాటిలోని ఒక ప్రొటీన్ మోషన్‌లోకి వస్తుంది. అది ఎంతుందో కొలుస్తారు. సాధారణంగా 50 లోపు ఉంటే పేగులో వాపు ఉండే అవకాశం తక్కువ. 250 దాటితే ఇక కెమెరా గురించి మాట్లాడాల్సిందే. మధ్యలో వస్తే కొన్ని వారాలాగి మళ్ళీ చేస్తారు. ఇన్ఫెక్షన్‌లోనూ, నొప్పి బిళ్ళలు వాడినప్పుడూ కూడా పెరుగుతుంది, కాబట్టి ఈలోపు బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఇవ్వకండి. అవి పేగుకి కూడా మంచివి కావు.

పిన్నిగారూ, మీ ఆప్యాయత అర్థమైంది. వాముతో ఏమీ కాదు, పెట్టుకోవచ్చు. కానీ గోధుమ ఇప్పుడే మాన్పించకండి. గోధుమ పడని జబ్బు ఉందో లేదో చూసే ఆ టీటీజీ పరీక్ష గోధుమ తింటూ ఉంటేనే సరిగ్గా వస్తుంది. ముందే మానేస్తే జబ్బు ఉన్నా లేనట్టు వస్తుంది. అన్నం తినే మన వైపు అది పంజాబ్ వైపు ఉన్నంత ఎక్కువ కాదు, కానీ లేకపోలేదు. నులిపురుగుల బిళ్ళ ఫిబ్రవరి 10న వేసుకోకపోతే వేయండి, మంచిదే, కానీ ఈ మొత్తం కథ నులిపురుగులతో తేలేది కాదు.

ఇంకో మాట, కొంచెం జాగ్రత్తగా రాస్తున్నాను. ఇంజెక్షన్ వేస్తే వారం బ్రహ్మాండంగా ఉంటాడన్నారు చూడండి, అది ఏ ఇంజెక్షనో కనుక్కోండి. స్టెరాయిడ్ అయితే లోపలి వాపు కాసేపు అణిగి మళ్ళీ లేస్తుంది, అసలు జబ్బు కనిపించకుండా కూడా చేస్తుంది. టీబీ అయితే ఇంకా ప్రమాదం. ఇక వేయించకండి, కొత్త డాక్టర్‌కి ఎన్నిసార్లు వేశారో తప్పకుండా చెప్పండి.

పిల్లల గ్యాస్ట్రో స్పెషలిస్ట్ దొరికితే వాళ్ళకే చూపించండి, విజయవాడలోనో హైదరాబాద్‌లోనో. దొరకకపోతే పెద్దల గ్యాస్ట్రో డాక్టర్ కూడా ఈ వయసు పిల్లల్ని చూస్తారు. కెమెరా టెస్ట్ మత్తు ఇచ్చి చేస్తారు, పిల్లలకి తెలియదు. ఆగకుండా వాంతులైనా, పచ్చగా వాంతి అయినా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, నొప్పి కుడివైపు కింద స్థిరపడి జ్వరం వచ్చినా, మోషన్‌లో ఎక్కువ రక్తం పడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి. ఐరన్ టానిక్ తాగితే మోషన్ నల్లగా వస్తుంది, దానికి మాత్రం భయపడకండి.

రాత్రి నిద్రలోంచి లేచి వెళ్తున్నాడా? రక్తం పడుతోందా? ఈ రెండూ మీరు రాయలేదు. మీకు తెలియక అయి ఉంటుంది. కనుక్కోండి.

మూడో ఏడు బీటెక్

ఆంటీ, నాకు ఐబీఎస్. అంటే కెమెరాతో సహా అన్ని టెస్టులూ నార్మల్ వచ్చాయి, అయినా నొప్పి నిజం. నాకు టెన్షన్ అన్నప్పుడు కోపం రావడానికి కారణం ఆ మాట తప్పని కాదు, ఆ మాట అన్నాక డాక్టర్ ఫైలు మూసేయడం. మీవాడిది నాదిలాంటిది కాకపోవచ్చు, నేను తగ్గలేదు బరువు. కానీ అబ్బాయిల వైపు నుంచి కొన్ని చెప్తాను.

కాలేజీలో బాత్రూమ్‌లు మీరు చూసి ఉండరు. మా ఇంటర్ కాలేజీలో ఒక ఫ్లోర్‌కి రెండు, ఒకదానికి గొళ్ళెం లేదు. క్లాస్ మధ్యలో లేచి వెళ్తే సార్ "మళ్ళీనా" అనేవారు, మొత్తం క్లాసు నవ్వేది, నాకో పేరు కూడా పెట్టారు, అది ఇక్కడ రాయను. అందుకని పొద్దున టిఫిన్ మానేశాను. తినకపోతే వెళ్ళక్కర్లేదు కదా. మధ్యాహ్నం డబ్బా స్నేహితుడికి ఇచ్చేసేవాణ్ణి. ఇంట్లో అమ్మ ఖాళీ డబ్బా చూసి సంతోషపడేది. మీరు కూడా డబ్బా ఖాళీగా వస్తోందని తింటున్నాడనుకోకండి.

ఇంకోటి, అందరూ ఉన్నప్పుడు అడగకండి. నాన్న, నాయనమ్మ, టీవీ, మధ్యలో "మోషన్ ఎలా అయింది నాన్నా" అంటే ఎవడు చెప్తాడు? మా అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర అడిగేది. ఐదేళ్ళు "బానే ఉంది" అన్నాను.

కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మ

తెనాలి అమ్మగారూ, మీ బెల్టు సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా అమ్మాయికి పద్నాలుగో ఏట క్రోన్స్ అని, పేగుల్లో వాపు, పుళ్ళు వచ్చే దీర్ఘకాలిక జబ్బు, తేలింది, ఇప్పుడు పంతొమ్మిది. మాకు తేలడానికి ఏడాదిన్నర పట్టింది. అందులో ఆరు నెలలు టీబీ మందులు వాడాం. క్రోన్స్, పేగు టీబీ రెండూ చిన్నపేగు చివర ఒకే చోట, ఒకేలా పుళ్ళు పడేలా చేస్తాయి, బయాప్సీలో, అంటే పేగు ముక్క తీసి చూసే పరీక్షలో కూడా ఒక్కోసారి తేడా పట్టడం కష్టం, మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి డాక్టర్లు ముందు అటే ఆలోచిస్తారు, అందులో వాళ్ళ తప్పు కూడా లేదు. క్రోన్స్ అనుకుని ముందే వ్యాధినిరోధక శక్తి తగ్గించే మందులిస్తే, ఉన్నది టీబీ అయితే అది ఒళ్ళంతా పాకుతుంది. అందుకే కెమెరా వేసినప్పుడు ముక్కలు ఎక్కువ తీసి, టీబీ క్రిమి జీన్‌ని వెతికే జీన్ టెస్ట్, క్రిమిని పెంచి చూసే కల్చర్ రెండూ పంపమని ముందే అడగండి. మాకు మొదటిసారి కల్చర్ పంపలేదు, రెండోసారి మళ్ళీ కెమెరా వేయాల్సి వచ్చింది. ఆ ఒక్క మాట మాకు ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

కెమెరా పెద్దపేగు దాకా వెళ్ళి ఆగకుండా చిన్నపేగు చివరి భాగంలోకి కూడా తొంగి చూడాలి. అది కూడా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

వాణ్ణి మాట్లాడించే సంగతి. మా అమ్మాయి నాకు ఏమీ చెప్పేది కాదు. ఒకసారి స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్తుంటే తనే మొదలుపెట్టింది. మొహం మొహం చూసుకోనక్కర్లేదు కదా, గాలికి సగం మాట వినపడదు, మళ్ళీ చెప్పమంటే చెప్తుంది. మీరూ ఏదో పని పెట్టుకుని బయటికి తీసుకెళ్ళండి. "రక్తం పడుతోందా" అని సూటిగా అడగండి, అవునూ కాదూ అని చెప్పేలా. "ఎలా ఉంది" అంటే బానే ఉంది అనే వస్తుంది.

తెనాలి అమ్మ

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. నిన్న సాయంత్రం పిండి మరకి వెళ్దాం రారా, డబ్బా బరువుగా ఉంది అని వాణ్ణి స్కూటీ ఎక్కించుకున్నాను. నేను నడుపుతున్నా, వాడు వెనక డబ్బా పట్టుకుని. కాలవ గట్టు మీద జనం లేని చోట, మీరు చెప్పినట్టే, వెనక్కి తిరగకుండా అడిగాను. మోషన్‌లో రక్తం పడుతోందా నాన్నా అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "వేసవి నుంచి" అన్నాడు.

బండి ఆపలేదు. ఆపితే మాట్లాడటం మానేస్తాడేమోనని అలాగే మెల్లగా పోనిచ్చాను. మర దాటిపోయింది, వంతెన దాకా వెళ్ళిపోయాం. రాత్రుళ్ళు రెండు సార్లు లేస్తున్నాడట, మాకు వినపడకుండా ఫ్లష్ కొట్టకుండా బక్కెట్‌తో నీళ్ళు పోస్తున్నాడట. పంపు తిప్పి ఉంచేది లోపలి చప్పుడు మాకు వినపడకుండానట. కింద పుండులా ఉంది, కూర్చుంటే నొప్పి అన్నాడు. ఈ మధ్య కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంటే నేను నిటారుగా కూర్చోరా అని కసిరాను కూడా. ఫోన్‌లో వెతుక్కుని క్యాన్సర్ అని నిశ్చయించేసుకున్నాడు. చెప్తే పరీక్షలు పోతాయి, నాన్నకి అప్పు అవుతుంది, అందుకని చెప్పలేదట. నిశ్చయించుకున్నాక కూడా ఫిజిక్స్ రికార్డు రాసుకుంటూ కూర్చున్నాడు చూడండి నా తండ్రి.

బీటెక్ బాబూ, డబ్బా సంగతి కూడా నువ్వు చెప్పిందే. మధ్యాహ్నం సగం పక్కవాడికే.

డాక్టర్ గారూ, ఇంజెక్షన్ అడిగాను. ముందు చెప్పలేదు, మావారు వెళ్ళి గట్టిగా అడిగితే డెక్సా, అంటే స్టెరాయిడే, అన్నాడు ఆ ఆర్‌ఎంపీ. జ్వరం మార్చిలో రెండు రోజులు ఉంది, జూన్‌లో లేదు. సోమవారం గుంటూరులో గ్యాస్ట్రో డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికింది. ఎత్తు, బరువు, వేసిన మందులు అన్నీ తేదీల వారీగా ఒక నోట్‌బుక్‌లో రాశాను, వాడే సగం చెప్పి రాయించాడు.

పిల్లల డాక్టర్, ఒంగోలు వైపు

కింద పుండు ఉందన్నారు కాబట్టి డాక్టర్ ఆ చోటు తప్పకుండా చూడాలి. పిల్లాడు సిగ్గుపడి వద్దంటే ఒదిలేయొద్దు, మీరు బయటికి వెళ్ళి నాన్నని లోపల ఉంచండి. నోట్‌బుక్ మంచి పని చేశారు. సోమవారం లోపు జ్వరం వస్తే మాత్రం ఆగకండి. క్యాన్సర్ అని భయపడుతున్నాడు కదా, ఈ వయసులో పేగు క్యాన్సర్ చాలా చాలా అరుదు అని నా మాటగా వాడికి చెప్పండి.

తెనాలి అమ్మ

ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను. కొందరు మెసేజ్‌లు పెట్టి అడిగారు.

గుంటూరు డాక్టర్ గారు నోట్‌బుక్ మొత్తం చదివారు. నిజంగా చదివారు, వేలు పెట్టి ఒక్కో లైను. కాల్‌ప్రొటెక్టిన్ 1,180 వచ్చింది. ఆల్బుమిన్ 3.1, తక్కువే. టీటీజీ నార్మల్. తర్వాత విజయవాడలో కెమెరా. ముందురోజు రాత్రి పేగు శుభ్రం కావడానికి ఇచ్చిన పొడి రెండు లీటర్ల నీళ్ళలో కలిపి తాగాలి, మూడో గ్లాసు దగ్గర వాంతి వచ్చినంత పనైంది, ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా స్ట్రాతో తాగిస్తే వెళ్ళింది. ఇది ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మత్తు నుంచి లేచి వాడడిగిన మొదటి మాట "అయిపోయిందా, ఇంకా మొదలెట్టలేదనుకున్నా".

చిన్నపేగు చివర పుళ్ళున్నాయి, పెద్దపేగులో అక్కడక్కడ, మధ్యలో బాగున్న భాగం వదిలి మళ్ళీ పుండు. ముక్కలు తీసి టీబీకి రెండూ పంపమని అడిగాను, కూకట్‌పల్లి అక్కా, మీరన్నట్టే. ఎలాగూ పంపుతాం అన్నారు. జీన్ టెస్ట్‌లో టీబీ లేదు, ఎక్స్‌రే బాగుంది. కల్చర్‌కి ఆరు వారాలు పడుతుందట. ఎమ్మారై కూడా తీశారు, కింద పుండు లోపలికి చిన్న దారిలా ఉందట. ఎక్కువగా క్రోన్స్ అనే అనుకుంటున్నారు, కానీ కల్చర్ వచ్చేదాకా గట్టి మందులు మొదలుపెట్టట్లేదు. ఈలోపు ఆరు నుంచి ఎనిమిది వారాలు అన్నం, కూర ఏమీ లేకుండా ఒక పౌడర్ నీళ్ళలో కలిపి అదే తాగాలి. మొత్తం తిండి అదే. పేగుకి విశ్రాంతి, ఒంటికి బలం అన్నారు. ఈరోజుకి ఆరో రోజు.

మావారు ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ వాడి ముందు తినకూడదని రూలు పెట్టారు, ఆవకాయ జాడీ అటక ఎక్కించారు. మావాడే దింపించాడు. "మీరు వంటింట్లో దొంగల్లా నిలబడి తింటుంటే నాకింకా ఆకలేస్తోంది" అన్నాడు. మా అత్తగారు మాత్రం గ్లాసులో పౌడర్ కలిపిన ప్రతిసారీ ముందు గ్లాసుకి దిష్టి తీసి ఇస్తున్నారు. తీయనీ.

బరువు నిన్నటికి 45.8.

ఇప్పుడు నా దిగులు కాలేజీ. ఇప్పటికే హాజరు తగ్గింది, ఇంకా ఎన్ని రోజులు పోతాయో. ప్రిన్సిపాల్‌తో ఏం మాట్లాడాలి, ఎంతవరకు చెప్పాలి? వాడు జబ్బు పేరు క్లాసులో తెలియకూడదంటున్నాడు.

కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మ

డాక్టర్ చేత ఒక లెటర్ రాయించుకోండి, "దీర్ఘకాలిక పేగు వ్యాధికి చికిత్స పొందుతున్నాడు, ఎప్పుడు అడిగినా బాత్రూమ్‌కి పంపాలి" అని, అంతే చాలు. ఒరిజినల్ మీ దగ్గర ఉంచుకుని జిరాక్స్ ఇవ్వండి, సంవత్సరం చివర హాజరు తగ్గితే అదే పనికొస్తుంది. ఇంకోటి, కల్చర్ వచ్చి మందులు మొదలుపెట్టే ముందు టీకాల కార్డు తీసుకెళ్ళండి. కొన్ని టీకాలు ఆ మందులు మొదలయ్యాక వేయకూడదు. మాకు చికెన్‌పాక్స్ టీకా అలాగే మిగిలిపోయింది. పౌడర్ రెండో వారానికి అలవాటవుతుంది. మాది రోజూ ఇడ్లీ వీడియోలు చూసేది.

మూడో ఏడు బీటెక్

ఆంటీ, హాజరు కంటే ముందు బాత్రూమ్ సంగతి మాట్లాడండి. స్టాఫ్ బాత్రూమ్ తాళం వాడికి ఒకటి ఇమ్మని అడగండి, గొళ్ళెం ఉంటుంది, నీళ్ళొస్తాయి. మా కాలేజీలో నాకు సెకండియర్‌లో ఇచ్చారు. సీటు తలుపు పక్కన, ఆఖరి బెంచీలో. చెయ్యెత్తి అడగకుండా లేచి వెళ్ళొచ్చని ప్రతి సార్‌కీ ముందే చెప్పించండి, వాడితో చెప్పించకండి. బ్యాగ్‌లో ఒక జత లోదుస్తులు, నల్ల కవర్ పెట్టండి, అడగకుండా పెట్టేయండి, వాడూ ఏమీ అనడు.

ఎమ్మారై చప్పుడు ఎలా ఉందో అడిగానని చెప్పండి.